మీ ఇంటికా, ఊరికేనా?

“వదిన రాసినదాంట్లో ఒక్క లైను అడ్డంగా ఉండేదండి. అది తీసేశాక ప్రోగ్రాం మంచినీళ్లలా అయిపోయింది” అని హాల్లోంచి వేదవ్యాస్ గొంతు వినపడేసరికి, శ్రీవల్లి అరిటాకు ముక్క మీద తట్టిన గారె చేతిలోంచి జారి మూకుడు అంచున పడి, సగం నూనెలోనూ సగం బయటా వేలాడింది. దాన్ని చిల్లుల గరిటెతో లోపలికి తోసి, ఏ లైను, అని అడగబోయి ఊరుకుంది. మడిలో ఉంది. మామయ్యగారి తద్దినం వంట. మడిలో ఉన్న మనిషి హాల్లోకి వెళ్లకూడదు, ఎవర్నీ తగలకూడదు, ఫోను ముట్టుకోకూడదు, వండినదాన్ని భోక్తలకి వడ్డించేదాకా రుచి చూడకూడదు, వీలయితే మాట్లాడకూడదు. ఆలోచించకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. రాసినవాళ్లకి ఆ అవసరం తోచి ఉండదు.

ఏ లైను? వేదవ్యాస్ ఆమె మరిది, తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు, పాఠం చెప్పే అలవాటుని కాలేజీ గేటు దగ్గర దింపి రావడం ఇంకా చేతకాలేదు. ఇవాళ్టి శ్రోత ప్రసన్నశర్మ, పెదపాడు నుంచి మోటారుసైకిలు మీద వచ్చిన కుర్ర పురోహితుడు. ఏటా వచ్చే పెద్దాయన మోకాలు ఆపరేషనై మంచం మీదున్నారు, లేకపోతే ఆయన సంగతి వేరు, వాకిట్లో చెప్పులు విడిచేలోపు వేళ్ల మీద తిథి లెక్కకట్టేసేవారు. ఈ అబ్బాయిది మంచి గొంతే, మంత్రంలో అక్షరం పోనివ్వడు, కానీ ఇవాళ ఏ తిథి అన్నది ఫోను చూసి చెబుతాడు. ఆ ఫోనులో ఉన్నది వేదవ్యాస్ చేసిన యాప్. ఆ యాప్ కడుపులో ఉన్నది శ్రీవల్లి రాసిన ప్రోగ్రాం. ప్రోగ్రాంలో ఉన్నది మామయ్యగారి లెక్క. అంటే దత్తాత్రేయులుగారి తద్దినానికి దత్తాత్రేయులుగారే ముహూర్తం పెట్టుకున్నట్టు, ఊరంతా తిరిగి ఇంటికొచ్చినట్టు. ఒక్క లైను తక్కువ. ఏ లైను అయి ఉంటుంది, అందులో అడ్డంగా ఉన్నవి చాలానే ఉన్నాయి, పాత పెర్ల్ భాష, తనకే అప్పుడప్పుడు చదువుతుంటే కళ్లు తిరిగేవి. వేదవ్యాస్ దాన్ని కొత్త భాషలోకి మార్చాడు. ఈ రోజుల్లో పెర్ల్ ఎవరు రాస్తారు వదినా, అన్నాడు, ఈ రోజుల్లో రుబ్బురోలు ఎవరు వాడతారు అన్నట్టు. మార్చుకో నాయనా అంది. మార్చడమంటే తిరగరాయడం అనుకుంది గానీ తీసిపారెయ్యడం అనుకోలేదు.

గారె ఎర్రబడుతోంది. తిప్పింది. “అదేనండి, వచ్చింది ఇల్లా కాదా అని ముందు చూసే లైను” అంటున్నాడు హాల్లో, నవ్వుతూ. “ఒక ఫంక్షను ఒక్క రకంగానే పిలిపించుకోవాలి. వదిన దాన్ని రెండు రకాలుగా పిలవొచ్చని రాసింది, సరదాకి. నేను శుభ్రం చేశాను.”

సరదాకి. సరదాకి. శ్రీవల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది, పొయ్యి సెగ దానికి తోడైంది. సరదాకి రాసిందా ఆ లైను. ఆ లైను తను రాసిందే కాదు అసలు, అది మామయ్యగారి మాట. ఎన్నిసార్లు విందో. ఏలూరు పాత బస్టాండులో ఆయన పక్కన గొడుగూ సంచీ పట్టుకుని నుంచుంటే ఎవడో దారినపోయేవాడు, పంతులుగారండీ ఇవాళ తిథేంటండీ, అనేవాడు. ఆయన వెంటనే చెప్పేవారు కాదు. “మీ ఇంటికా, ఊరికేనా?” అనేవారు. ఊరికేనండి, అంటే, పొద్దున సూర్యుడు లేచినప్పుడు ఉన్న తిథి చెప్పేసి నడిచిపోయేవారు, నోములకీ పండగలకీ అది చాలు. మా ఇంటికండి, అన్నాడా, గొడుగు దించేవారు. ఏ ఊరు, ఏం పని, ఎవరికి? తద్దినానికైతే పొద్దుటి తిథితో పని లేదు, మధ్యాహ్నం భోక్తలు విస్తళ్ల ముందు కూర్చునే వేళకి ఏ తిథి ఉందో అది కావాలి. ఒక్కో తిథి మధ్యాహ్నం వచ్చి మర్నాడు మధ్యాహ్నం కాకుండానే వెళ్లిపోతుంది. ఊరికే చెప్పిన తిథి పట్టుకుని తద్దినం పెడితే, చుట్టం వచ్చి వెళ్లిపోయాక అన్నం వండినట్టేనమ్మా, అనేవారు. పెదపాడు చేలగట్ల మీద, కొల్లేటి లంకల్లో పడవ దిగీ దిగకముందే, చేపల చెరువు గట్టున ఐసు లారీ పక్కన నిలబడి, ఎక్కడైనా ఆ ప్రశ్నే. చెరువులో చేపల పట్టుబడి ఏ రోజు పెట్టుకోవాలో, ఏ రోజు మానుకోవాలో ఆ జవాబుని బట్టి ఉండేది. జనం ఆయన్ని వెక్కిరించేవారు కూడా, పంతులుగారు మంచినీళ్లు అడిగినా ఇంటికా ఊరికేనా అంటారురా, అని.

ఆయనకి కళ్లు మసకలు కమ్మినప్పుడు, పెళ్లికి ముందు హైదరాబాదులో ఏదో కంపెనీలో ప్రోగ్రాములు రాసే పని చేసిన కోడలు ఇంట్లో ఉందని ఆయనొక్కరికే గుర్తుంది. మిగతావాళ్లకి ఆమె చదువు పెళ్లిచూపుల రోజున చెప్పి మర్చిపోయిన విషయం. నీ మిషనులో ఇది పడుతుందా శ్రీవల్లీ, అన్నారు. మధ్యాహ్నాలు అత్తయ్యగారు కునుకు తీసేవేళ భోజనాల బల్ల దగ్గర కూర్చునేవాళ్లు, ఆయన చెప్పడం, తను కొట్టడం. లెక్క సులువుగానే వచ్చింది. చిక్కల్లా పిలుపు దగ్గర వచ్చింది. తిథి అని ఒక చిన్న సబ్‌రొటీను రాసింది. దాన్ని పేరుపెట్టి పిలిచి ఒక తేదీ చేతిలో పెడితే తిథి చెబుతుంది, అది ఫంక్షను, బస్టాండులో ఊరికే అడిగినవాడు. అదే సబ్‌రొటీనుని ఒక ఇంటి తరఫున పిలిస్తే అది మెథడు, అప్పుడు తేదీ కంటే ముందు ఆ ఇల్లే వచ్చి కూర్చుంటుంది, పిలవకపోయినా, దాని ఊరితో, దాని ఆనవాయితీతో, దాని చచ్చిపోయినవాళ్లతో సహా. లోపల ఉన్నదానికి తెలియాలి కదా, ముందు వచ్చింది ఇల్లో తేదీయో. చూసుకోకపోతే ఇంటిని తేదీ అనుకుంటుంది. పెళ్లికొడుకు చెయ్యనుకుని బావమరిది చెయ్యి పట్టుకున్నట్టు.

రెండు వేరువేరుగా రాసేస్తే పోతుందిగా మామయ్యగారూ, అంది. ఊరికే అడిగేవాళ్లకొకటి, ఇంటికి అడిగేవాళ్లకొకటి. ఆయన ఒప్పుకోలేదు. నాకు రెండు నోళ్లున్నాయా, అన్నారు. ఒకే నోరు, ముందు అడిగినవాడెవడో చూస్తుంది, అంతే. సరేనని ఆ లైను రాసింది. ముందు వచ్చింది ఇల్లయితే దాన్ని పీట వేసి కూర్చోబెట్టు, కాకపోతే ఊహలో ఒక మామూలు ఇల్లు కట్టి ఇవ్వు, ఏలూరులో, పొద్దుటి తిథి చాలనుకునే ఇల్లు. ఊరికే అడిగినవాడికి కూడా తెలియకుండానే ఒక ఇల్లు దొరికేది. ఆ మాట చెబితే ముసలాయన పిల్లాడిలా నవ్వారు. ఇంకో చిక్కు వచ్చింది. ఎవరైనా పేరుపెట్టి పిలిచి చేతిలో తేదీకి బదులు ఒక ఇంటిని పెట్టారనుకోండి, ఇల్లే అడుగుతోందా, ఇంటి గురించి వేరేవాళ్లు అడుగుతున్నారా, లోపలున్నదానికి ఎలా తెలుస్తుంది? తెలియదు, ఆ భాషలో ఆ తేడా కనపడదు. రెండు రోజులు పప్పులో ఉప్పు మర్చిపోయింది దాని గురించి ఆలోచిస్తూ. ఆయన విని, చేతికర్ర మీద గడ్డం ఆనించి, “ఎవరడిగినా ఆ ఇంటికి జవాబు ఒకటే కదమ్మా. తెలుసుకుని ఏం చేస్తాం?” అన్నారు. అంతటితో తీరిపోయింది. హైదరాబాదు ఆఫీసులో ఆ మాట చెప్పేవాడుంటే ఎన్ని మీటింగులు తప్పేవో.

ఆ లైను. ఆ లైను తీసేశాడు, మంచినీళ్లయిందట.

తీసేస్తే, అని ఆమె చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. తీసేస్తే ఇల్లు వచ్చినా దాన్ని ఎవరూ పలకరించరు. ఇల్లు వాకిట్లోనే ఉండిపోతుంది. అందరూ ఊరికే అడిగినవాళ్లే. అందరికీ పొద్దుటి తిథే. తద్దినానికీ పొద్దుటి తిథే. ఈ ఇంటికీ. గారెలు మూకుట్లో మాడుతున్నాయేమో అని చూసింది, మాడలేదు, తనే మాడుతోంది. గోడకి క్యాలెండరు వేలాడుతోంది, పాలవాడి లెక్కలు పెన్సిలుతో గీకి ఉన్నది, దాని మీద చీమల్లాంటి అక్షరాల్లో ప్రతి తేదీ కిందా తిథి ఎంతదాకా ఉందో వేసి ఉంటుంది. ముట్టుకోకుండా మెడ చాచి చూసింది. నిన్న బుధవారం గడిలో, షష్ఠి మధ్యాహ్నానికి ముందు వస్తుంది. ఇవాళ గురువారం గడిలో, షష్ఠి పదకొండు దాటగానే వెళ్లిపోతుంది. గడియారం కేసి చూడనక్కర్లేదు, పన్నెండింటికి పక్కింటికి వచ్చే స్కూలు ఆటో ఎల్‌కేజీ వాళ్లని దింపేసి వెళ్లి చాలాసేపయింది. షష్ఠి లేదు. మామయ్యగారు పోయింది మార్గశిర బహుళ షష్ఠి. ఆయనకి పెట్టాల్సింది నిన్న.

నిన్న. నిన్న మధ్యాహ్నం తను ఏం చేస్తోంది? మడిచీర తడిపి దండెం మీద ఆరేసింది, మినప్పప్పు ఏరింది, అరటికాయలు తేలేదని ఆయన మీద కేకలేసింది, ఆయన అంటే శ్రీరామచంద్ర, పెద్దకొడుకు, ఇవాళ తండ్రికి పిండం పెట్టవలసిన మనిషి. ఇరిగేషన్ ఆఫీసులో సెలవు పెట్టి, ఏ రోజు చెబితే ఆ రోజు తడి పంచె కట్టుకుని నిలబడే మనిషి. తమ్ముడు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, నాన్నగారి తద్దినం గురువారం, అని కింద దణ్ణం పెట్టే బొమ్మ. అందరూ అదే బొమ్మ తిరిగి పెట్టారు. అత్తయ్యగారు మాత్రం, వెంకటసుబ్బలక్ష్మిగారు, బొమ్మలు పెట్టడం రాని మనిషి, నిన్న పొద్దున గుమ్మంలో కూర్చుని, ఏమే అమ్మాయ్, గడియలు చూశారా, మీ మామయ్యగారైతే గడియలు చూసేవారు, అని అడిగింది. దానికి తను ఏమంది? కంప్యూటరు లెక్క మామయ్యగారి లెక్కే అత్తయ్యగారూ, అంది. గర్వంగా అంది. చేతిలో చీర పిండుతూ అంది. ఆ పిండిన నీళ్లు ఇప్పుడు మొహాన కొట్టినట్టుంది.

అంతేనా, ఇంకోటుంది. మొన్నామధ్య గణపవరం నుంచి సత్యవతిగారు ఫోను చేసింది. వరిచేలూ చేపల చెరువులూ ఉన్న కుటుంబం, మామయ్యగారి రోజుల నుంచీ ఈ ఇంటినే అడుగుతారు. “ఏవండీ, మా అత్తగారి తద్దినం ఈసారి యాప్‌లో ఒకరోజు ఆలస్యంగా పడిందండీ, మా ఆడపడుచు కాదంటోంది, ఒకసారి చూసి చెబుతారా?” అంది, ఆ మెత్తటి గొంతుతో. తను చూడలేదు. చూడవలసిన అవసరమేముంది, తను రాసింది, మామయ్యగారు చెప్పింది, లెక్క తప్పదండీ, అనేసింది. ఆవిడ నమ్మింది. నమ్మి ఆ రోజునే పెట్టుకుంది. ఇంకా ఎన్ని ఇళ్లు? పెదపాడులో, లంకల్లో, తణుకు వైపు, వేదవ్యాస్ యాప్ పెట్టిన దగ్గర్నుంచీ ఎంతమంది చుట్టం వెళ్లిపోయాక విస్తరి వేశారో. అన్ని తద్దినాలూ తప్పవు, అదే పాడు సంగతి, తిథి రెండు రోజుల మధ్య ఇరుక్కున్నప్పుడే తప్పుతుంది, మిగతా అప్పుడు నిక్షేపంగా ఉంటుంది. ఎప్పుడూ తప్పేదైతే మొదటి రోజే పట్టుబడేది. అప్పుడప్పుడు తప్పేదాన్ని జనం నమ్ముతారు.

గారెలు తీసి ఇత్తడి పళ్లెంలో వేసింది. చెయ్యి చురుక్కుమంది, నూనె చుక్క. పడనీ. వంటింట్లో కోపంతో వండింది పితృదేవతలు ముట్టరంటారు. ఇవాళ ముట్టడానికి అసలు ఎవరున్నారు కనక. హాల్లో వేదవ్యాస్ ఇంకా చెబుతూనే ఉన్నాడు, కాలేజీలో దీని మీద పేపరు చదివాడట, ప్రిన్సిపాలు మెచ్చుకున్నాడట. ఆ పేపరు ఆమెకి చూపించాడు కూడా. మొదటి పేజీలో డాక్టరు వేదవ్యాస్ అని అతని పేరు, చివరి పేజీలో, సహకరించిన కుటుంబ సభ్యులకు కృతజ్ఞతలు. కుటుంబ సభ్యులు. అందులో తను ఉంది, అత్తయ్యగారు ఉన్నారు, బహుశా పెరట్లో కరివేపాకు చెట్టు కూడా ఉంది. అప్పుడు నవ్వుకుంది. ఏదో ఇంటి పేరు మీద వచ్చింది చాల్లే అనుకుంది. ఈ ఇంట్లో ఇరవై ఏళ్లుగా తనని ఎవరు పిలిచినా ముందు ఇంకొకరు వచ్చి కూర్చుంటారు, శ్రీరామచంద్రగారి ఆవిడ, పంతులుగారి పెద్దకోడలు, హేమంత్ వాళ్లమ్మ. అలవాటైపోయింది, పలుకుతుంది. ఇంటి తరఫున పిలిచినా పనిచేస్తుంది, ఊరికే పిలిచినా పనిచేస్తుంది, రెండు రకాలుగానూ పనిచేసేదాన్ని రాయగలిగింది అందుకేనేమో. కాకపోతే ముందు ఎవరు వచ్చారో చూసి మరీ పలుకుతుంది. చూడదనుకుంటారు అందరూ. ఇందుకే ఒళ్లు మండేది. లైను అడ్డంగా ఉందనిపించినప్పుడు ఎందుకుంది వదినా ఇది, అని ఒక్క మాట అడగొచ్చు కదా. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు ఎంత దూరం, పాసింజరు ఎక్కితే భీమడోలులో బఠాణీలు కొనుక్కుని నములుతుండగానే వచ్చేస్తుంది. ఫోనుంది. అడగడానికి అడ్డమొచ్చింది రైలు కాదు.

ఉప్పు. గారెల పిండిలో ఉప్పు వేసిందా? వేసింది. వేసినట్టే ఉంది. చూడకూడదు. ఇరవై ఏళ్లుగా ఈ ఇంటి తద్దినాల వంట రుచి చూడకుండానే వండుతోంది, ఎప్పుడూ తప్పలేదు, చెయ్యికి తెలుసు. మరిది విస్తట్లో వేసే గారెల్లోకి మాత్రం ఇంకో గుప్పెడు కొడితే, అని ఒక ఆలోచన వచ్చింది, తలుపు సందులోంచి పిల్లి వచ్చినట్టు. ఎవరికీ తెలియదు, మంచినీళ్లలా ఉంటుంది. పిల్లిని తోలేసింది. ఊరుకుంటే ఏమవుతుంది? ఊరుకోవచ్చు. ఊరుకోవడం ఈ ఇంట్లో చాలా సులువైన పని, గారెలు వేయించడం కంటే సులువు. భోక్తలు తింటారు, ప్రసన్నశర్మ సంచీ సర్దుకుంటాడు, అత్తయ్యగారు తృప్తిగా విస్తరి ఎత్తిస్తారు, వేదవ్యాస్ సాయంత్రం బండికి గూడెం వెళ్లిపోతాడు. తప్పని తెలిసింది తనొక్కదానికే. చచ్చిపోయినాయనకి కూడా తెలిసి ఉంటుంది, కానీ ఆయన ఫిర్యాదు చెయ్యరు. వచ్చే ఏడాది సరిచేసుకుందాం. అలాగా? వచ్చే ఏడాది దాకా గణపవరం సత్యవతిగారు ఆడపడుచు చేత మాట పడాలా, తప్పు ఆవిడది కాకపోయినా? ఆయన నోటినుంచి వచ్చిన ఆ ఒక్క ప్రశ్న, బస్టాండులో నవ్వులపాలైనా మానని ప్రశ్న, ఆయన కొడుకు శుభ్రం చేశానంటుంటే, ఆయన పేరు మీదే, ఆయన తద్దినం నాడే, తను వంటింట్లో గారెలు తిప్పుతూ ఉండాలా? వేలికి నూనె కాలిన చోట పొక్కు లేస్తోంది. హాల్లో పీటలు జరుగుతున్నాయి. “వదినా, ఎంతవరకొచ్చింది, భోక్తలు కాళ్లు కడుక్కుంటున్నారు” అని కేకవేశాడు.

ఎంతవరకొచ్చిందో చెబుతాను రా, అనుకుని పొయ్యి కట్టేసింది.

గుమ్మం దగ్గర ఆగింది, గడప దాటలేదు. శ్రీరామచంద్ర తడి పంచెతో దర్భలు సరిచేస్తున్నాడు, భోక్తలిద్దరూ వరండాలో కాళ్లు కడుక్కుంటున్నారు, అత్తయ్యగారు కుర్చీలో, వేదవ్యాస్ పట్టుపంచె మీద లాప్‌టాప్ పెట్టుకుని. ఎర్రగా, చెమటతో, చిల్లుల గరిటెతో నిలబడ్డ పెద్దకోడల్ని చూసి అందరూ ఆగారు.

“వ్యాస్, ఇవాళ ఏ తిథి?”

అదేం ప్రశ్న అన్నట్టు నవ్వాడు. “షష్ఠి వదినా.”

“ఊరికే అడగలేదు. ఈ ఇంటికి అడుగుతున్నాను. మామయ్యగారి తద్దినానికి, ఇదిగో ఇప్పుడు, విస్తళ్లు వేసే వేళకి ఏ తిథి?”

షష్ఠి అంటే షష్ఠే కదా, దానికి ఇల్లేంటి ఊరేంటి, అని అతను ఏదో మొదలుపెట్టాడు. శ్రీవల్లి అతని కేసి చూడలేదు. ప్రసన్నశర్మగారూ, మీ సంచిలో అచ్చు పంచాంగం ఉంటే ఒకసారి తీయండి, ఫోను కాదు, అంది. ఆ అబ్బాయి సంచి అడుగునుంచి, పంచెల కిందనుంచి, అంచులు నలగని కొత్త పంచాంగం తీశాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. చూపుడు వేలు ఒకచోట ఆగి అక్కడే ఉండిపోయింది.

“సప్తమి వచ్చేసిందండి” అన్నాడు మెల్లిగా. “షష్ఠి మధ్యాహ్నం వేళకి ఉన్నది నిన్ననండి, అమ్మగారూ.”

వరండాలో చెంబులోంచి నీళ్లు పోస్తున్న చప్పుడు ఆగింది. శ్రీరామచంద్ర దర్భ చేతిలో పట్టుకుని తమ్ముడి కేసి చూశాడు, తర్వాత భార్య కేసి చూశాడు, ఇద్దరిలో ఎవరినడగాలో తెలియనట్టు. వేదవ్యాస్ లాప్‌టాప్‌లో ఏదో కొట్టాడు, చూశాడు, మళ్లీ కొట్టాడు. అత్తయ్యగారు కొంగు సర్దుకుంది.

“అయితే ఆయన నిన్న వచ్చి, పిలిచేవాళ్లు లేక వెళ్లిపోయారన్నమాట” అంది. ఎవర్నీ తప్పుపట్టినట్టు అనలేదు. అలా అన్నా బాగుండేది.

ప్రసన్నశర్మ గొంతు సవరించుకుని, తద్దినం తప్పితే వచ్చే బహుళ ఏకాదశినాడు పెట్టొచ్చని, శాస్త్రం ఒప్పుకుంటుందని, మీ మామగారు మా నాన్నగారికి చెప్పగా విన్నానని అన్నాడు. ఇప్పటిదాకా ఫోను చూసినవాడు ఇప్పుడు నాన్నగారిని చూస్తున్నాడు, నయమే. అప్పటికి గానీ వేదవ్యాస్ తలెత్తలేదు. మొహంలో రంగు లేదు గానీ మాటలు ఇంకా పాఠంలోనే ఉన్నాయి. ఇల్లు ఇవ్వకపోతే అది సూర్యోదయం తీసుకుంటోంది వదినా, ఇల్లు ఇచ్చినా ఇంటిని చూడట్లేదు, ఆ లైను ఉంటే, అని ఆగాడు. అదేగా తను చెప్పేది. గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ పాత ఫైలు ఉందా నీ దగ్గర? ఒక్క పది నిమిషాలు కూర్చుని పెట్టేస్తావేమో అని.”

“ఉంది. నేను మడిలో ఉన్నాను, ముట్టుకోను” అంది శ్రీవల్లి.

ఇక మడెందుకే అమ్మాయ్, అంది అత్తయ్యగారు. ఆమె వినిపించుకోలేదు. నువ్వే కూర్చో, నేను చెబుతాను, నువ్వు కొట్టు, మీ నాన్నగారు నాకు చెప్పినట్టు, అంది మరిదితో. దానికంటే ముందు గణపవరం ఫోను చెయ్యి. సత్యవతిగారికి చెప్పు, వాళ్ల ఆడపడుచు చెప్పిన రోజే సరైనదని, ఆ లైను తీసింది నువ్వని. తర్వాత మిగతా ఇళ్లు. వేదవ్యాస్ ఒకసారి వరండా కేసి, ఒకసారి ప్రసన్నశర్మ కేసి చూశాడు. సాయంత్రం చేస్తాలే వదినా, ఇంతమందిలో బావుండదు, అన్నాడు.

“ప్రోగ్రాం శుభ్రం చేశానని ఇంతమందిలోనే చెప్పావు. ఇది కూడా ఇక్కడే చెప్పు.”

అతను ఫోను తీశాడు. శ్రీవల్లి వంటింట్లోకి తిరిగింది. భోక్తలిద్దరూ ఎండన పడి వచ్చినవాళ్లు, తద్దినం కాకపోయినా అన్నం పెట్టి పంపాలి. పళ్లెంలో గారెలు దొంతరగా పేర్చి ఉన్నాయి, ఎవరికీ చెందని గారెలు, నిన్నటివీ కావు, ఏకాదశివీ కావు. పితృదేవతల వంట కాదిది, ఇక. ఒకటి తీసుకుంది. కొరికింది. పెళ్లయి వచ్చాక ఈ వంటింట్లో ఈ గారెని వేడిగా తను ముందు కొరకడం ఇదే మొదలు. హాల్లోంచి వేదవ్యాస్ గొంతు వస్తోంది, ఎండిపోయి, పాఠం లేకుండా. “ఏవండీ, సత్యవతిగారేనాండీ? నేనండీ, ఏలూరు దత్తాత్రేయులుగారి రెండో అబ్బాయినండీ...” డాక్టరు వేదవ్యాస్ అనలేదు. ముందు ఇల్లు వచ్చి కూర్చుంది, తర్వాత అతను వచ్చాడు.

ఉప్పు సరిపోయింది. కోపం మాత్రం ఇంకా కాగుతూనే ఉంది. ఆ సెగ ఎందుకు వృథా పోవాలని మళ్లీ పొయ్యి వెలిగించి, తర్వాతి గారె తట్టింది.